మెల్లమేళం

గట్టిమేళం ఎందుకు వాయిస్తారో ఇప్పటి పిల్లలకు తెలియదు. సంబరానికి అనుకుంటారు. తాళి కట్టే గడియలో ఎవరైనా తుమ్మవచ్చు, ఎవరైనా ఏడవవచ్చు, వంటల దగ్గర ఎవడో 'అయిపోయింది' అని అరవవచ్చు. ఆ పాడు చప్పుడేదీ పీటల మీద ఉన్నవాళ్ల చెవిన పడకూడదు. అందుకే పంతులు వేలెత్తగానే నాదస్వరం, డోలు రెండూ ఉన్న బలమంతా పెట్టి మోగుతాయి. మూడు ముళ్లూ పడేదాకా ఇంకే శబ్దమూ బయటికి రాకూడదు. అదీ మా పని. నలభై నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని.

నా పేరు ఏకాంబరం. మాది ఐరాల. నేను నాదస్వరం ఎత్తితే కాణిపాకం దాకా వినిపిస్తుందని జనం అంటారు. అది అబద్ధమే గాని నేనెప్పుడూ కాదనలేదు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. అది నిజం. నా పక్కన డోలు వాయించేది నా బావమరిది మునికృష్ణ. చెయ్యి బంగారం, ముక్కే చెడ్డది. వాడికి ముక్కుపొడి అలవాటు. ప్రతి ముహూర్తానికీ ముందు ఒక చిటికెడు పీల్చుకుని, గట్టిమేళం మధ్యలో హాయిగా తుమ్ముతాడు. వాడి తుమ్ము వాడి డోలులోనే కలిసిపోతుంది. ముప్ఫై ఏళ్లుగా ఏ పెళ్లివారికీ ఈ సంగతి తెలియదు.

మొన్న వేసవిలో, మామిడికాయల లారీలు రోడ్డు మీద నడవనివ్వని రోజుల్లో, ఒక పొద్దున కోమలి మా ఇంటికి వచ్చింది. కోమలి మునస్వామి కూతురు. మునస్వామిది మా ఊరే, మూడెకరాల చెరకు, నా ఈడువాడు. కోమలి బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు ఏరే ఆడవాళ్లకు మేస్త్రీగా పనిచేస్తుంది. పదకొండేళ్ల కిందట ఆ పిల్ల పెళ్లికి వాయించింది నేనే. నాలుగేళ్లు కాపురం చేసి తిరిగి వచ్చేసింది. ఏం జరిగిందో ఊళ్లో తలా ఒక రకంగా చెప్పారు. కోర్టులో విడాకులు కూడా అయిపోయాయి. నేను అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు.

నేను వసారాలో కూర్చుని నాదస్వరం ఊదే పీకలు గిన్నెలో నీళ్లలో తడుపుతున్నాను. వచ్చి నా ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"మామా, నాకి పెండ్లి. నువ్వే వాయించాల."

నాకు నిజంగా సంతోషమైంది. "ఎవురు పాపా అబ్బోడు?"

"మునిచంద్ర అని, బస్సు కండక్టరు. మా ఫ్యాక్టరీ మీదుగా పొయ్యే పలమనేరు బస్సులో ఉంటాడు. వచ్చే వారం గురువారం, మన సుబ్రమణ్యస్వామి గుడి కాడ. నలభై మంది. అన్నం, పప్పు, పాయసం. అంతే."

"మంచిదే గదా. మేళం మేమిద్దరం వస్తాము."

"మేళం కావాల. గట్టిమేళం వద్దు."

నా చేతిలో పీక నీళ్లలో పడిపోయింది. "ఏమంటివి?"

"తాళి కట్టేటప్పుడు గట్టిమేళం వద్దు మామా. మెల్లగా ఏదన్నా వాయించు."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మెల్లగా వాయించేదానికి ఇదేమన్నా పిల్లంగోవి అనుకుంటివా? గట్టిమేళం లేకుండా తాళి కడితే దాన్ని పెండ్లి అంటారా? ఫ్యాక్టరీలో పనిజేస్తే పద్ధతులన్నీ మర్సిపోతారా?" ఇంకా చాలా అన్నాను. ఆ పిల్ల తలవంచుకుని వింది. ఊరుకోకుండా నేను నా గొప్ప కూడా చెప్పుకున్నాను. "గట్టిమేళం విలువ నీకేం తెలుసు? నీ మొదటి పెండ్లిలో నీ పరువు కాపాడింది ఏమనుకున్నావు? వాడు తాళి ఎత్తినాడు, నువ్వు తుమ్మేదానికి నోరు తెరిచినావు. నేను సూసినాను. ఊదేవాడికి నోరు కాళీ ఉండదు గాని కండ్లు కాళీనే గదా! మునికృష్ణకు కన్నుగొట్టినా, ఇంగా ఎత్తుకో అని. ఇద్దరం కలిసి కప్పేసినాము. వెయ్యిమంది జనంలో ఒక్కడికి ఇనపడిందా నీ తుమ్ము?"

ఈ సంగతి పదకొండేళ్లుగా నేను పదిమందికైనా చెప్పి ఉంటాను. మేళగాడికి ఉండాల్సిన చురుకు ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఇదే చెప్పేవాణ్ణి.

కోమలి తలెత్తి నన్ను చూసింది. లోపల సిద్ధమ్మ, అంటే నా భార్య, తిరగమోత వేయడం ఆపేసింది.

"అది తుమ్ము గాదు మామా."

"మరేంది?"

"మాట. వద్దు నాయనా అన్నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ పిల్లే మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది.

"ఆ పొద్దు తెల్లారి కాఫీ సల్లగా ఉండాదని ఆ మనిషి వాళ్లమ్మ మొగాన గలాసు ఇసిరినాడు. మండపం వంటింటి వాకిట్లో. నేను నీళ్లకని పోయి సూసినాను. ఆయమ్మ పైటతో మొగం తుడుసుకొని మళ్ల కాఫీ పెట్టేదానికి పోయింది, రోజూ అలవాటు మాదిరి. అప్పుడే నాకి తెలిసిపోయింది మామా. ఎవురికి సెప్పేది? ఇల్లంతా సుట్టాలు. అమ్మకు సెప్తే నా నోరు మూసింది. పీటల మీద కూసున్నాంక నాయన పక్కనే ఉండాడు గదా, ఇంగ ఇదే ఆకరు అని నోరు తెరిచినా. అంతలో మీరు ఎత్తుకున్నారు."

"ఒకసారే అన్నావా?"

"మూడు ముళ్లకూ మూడుసార్లు."

ఆ పిల్ల పెదాలు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. మొదటిసారి తెరుచుకున్నప్పుడు తుమ్మనుకున్నాను. రెండోసారి తెరుచుకున్నప్పుడు ఇంకా గట్టిగా ఊదాను. మూడోసారి నా కళ్లు మూసుకుపోయాయి, అంత దమ్ము పెట్టాను. ముగ్గురిలో ఎవరం తప్పు చేశామంటే ఏం చెప్పను? పంతులు వేలెత్తాడు, మునికృష్ణ నేను చెప్పింది చేశాడు. ఆ నోరు కదలడం చూసింది నేను ఒక్కడినే.

"అమ్మా కోమలీ," అన్నాను.

"నీ మీద కోపముంటే ఇంగొకరి కాడికి పోయేదాన్ని గదా. అప్పుడు సూసింది నువ్వు. ఈసారి ఇనేది గూడా నువ్వే ఉండాలని వచ్చినా. ఇప్పుడు సేసుకునే ఈయప్పకు సెప్పినా, కట్టే ముందర నన్ను అడగమని. అడుగుతానన్న్యాడు. నేను సెప్పే మాట అందరికీ ఇనపడాల. నాయనకు ఇనపడాల. అట్లాంటిది ఏదన్నా వాయించు."

"అట్లయితే మేళమే లేకుండా చేసుకోరాదా?"

"మేళం లేకుండా చేసుకుంటే, రెండోది గదా, దొంగతనంగా చేసుకునింది అంటారు. నేనేం దొంగతనం జేసినాను?"

లేచి వెళ్తూ గడప దగ్గర ఆగింది. "ఆ పొద్దు నేను అనిన మాట నాయనకు తెలీదు మామా. పక్కన కూసోని గూడా ఇనల్యా అని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. ఎప్పటికీ తెలియగూడదు." నేను తల ఊపాను. ఆ రోజు అన్నం ముందు కూర్చున్నాను గాని తినలేదు. సిద్ధమ్మ కంచం తీసేసింది.

మరునాటి నుంచి వెతుకులాట మొదలైంది. ఏం వాయించాలి? నాకు మూడు వందల కీర్తనలు వచ్చు. పెళ్లిలో ఏ ఘట్టానికి ఏ రాగమో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కాని అవన్నీ మనిషి మాటను మింగేసేవే. నాదస్వరం పుట్టిందే పొలిమేర దాకా వినిపించడానికి. గట్టిగా ఊదడం ఎవడికైనా వస్తుంది. మెల్లగా ఊదితే శ్రుతి జారిపోతుంది, పీక కిచకిచమంటుంది. అరవై రెండేళ్ల వయసులో నేను కొత్తగా నేర్చుకునే పిల్లవాడినయ్యాను.

పరీక్ష పెట్టింది సిద్ధమ్మే. వసారా ఈ చివర నేను, ఆ చివర ఆమె, చింతపండు గింజలు తీస్తూ. "నువ్వు వాయించు. నేను మద్దెలో మామూలు గొంతుతో ఒగ మాట అంటాను. ఇనపడితే సెప్పు," అంది. ఆనందభైరవి వాయించాను.

"ఏమన్నావు?"

"నీకి సెవుడొచ్చిందన్నాను."

మోహన వాయించాను. పెదాలు కదిలాయి, మాట రాలేదు. "ఏమన్నావు?" "ముసిలోడికి రేపట్నించి ఉప్పులేని కూర అన్నాను." మూడు రోజులు ఇలా తిట్లు తిన్నాను. ఒక్కటీ వినపడలేదు గనక నష్టమూ లేదు. కోపంతో నాదస్వరం గోడకు ఆనించి, "ఇది అయ్యేది గాదు, వేరే ఎవర్నన్నా సూసుకోమను," అన్నాను.

సిద్ధమ్మ చేతులు దులుపుకుంది. "మీ నాయన గుళ్లో సామిని పండబెట్టేటప్పుడు వాయించేవాడే, అది ఎట్లుండేది?"

మా నాయన చిన్న గుడిలో మేళగాడు. రోజూ చివరన స్వామికి పవళింపు సేవ. ఆ సేవకు డోలు ఉండదు. దేవుడు నిద్రపోవాలి గదా, అందుకని నాయన సగం దమ్ముతో, వేళ్లు రంధ్రాల మీద సగం సగం ఆనిస్తూ నీలాంబరి వాయించేవాడు. స్తంభానికి ఆనుకుని నేను నిద్రపోయేవాణ్ణి. గుడి తలుపు గొళ్లెం చప్పుడు, పూజారి తాళంచెవుల గలగల, అన్నీ ఆ పాటలోంచే వినిపించేవి. నాకు ఆ పాట వచ్చు. నలభై ఏళ్లలో ఒక్కసారీ వాయించలేదు, ఎవరూ అడగలేదు.

"పండబెట్టే పాట పెండ్లిలోనా?" అన్నాను. "పొద్దున తొమ్మిదిన్నరకు ముహూర్తం. నవ్వుతారు."

"నవ్వనీ. ఆ పాప నాలుగేండ్లు ఆ ఇంట్లో ఒగ దినమన్నా కండ్లు మూసి నిద్ర పొయ్యిండదు. పొయ్యే ఇంట్లో భయం లేకుండా పండుకోవాల. దానికంటే మంచి దీవెన యాడుండాది?"

సిద్ధమ్మకు సంగీతం రాదు. పెళ్లయినప్పటి నుంచీ నేను ఆమెకు అదే చెబుతూ వచ్చాను. ఆ పూట నాకు సిగ్గేసింది.

నాని నాని మెత్తబడిన పాత పీక ఒకటి తీసి పెట్టుకున్నాను. మొదటి రెండు రోజులూ గొంతు బొంగురుపోయినట్టు పలికింది. మూడో రోజు నాయన వాయించినట్టు కాకపోయినా దాని పక్కకు వచ్చింది. సిద్ధమ్మ ఆ చివర నుంచి ఏదో అంది.

"ఉప్పు అయిపోయింది అన్నావు," అన్నాను.

"అవును. వాయించు, ఆపొద్దు."

మళ్లీ ఎత్తుకున్నాను. ఆమె చేతుల్లో చింతగింజలు పళ్లెంలో పడుతున్న చప్పుడు కూడా నాకు వినిపిస్తోంది. అప్పుడు, తలెత్తకుండా, అంతే మామూలు గొంతుతో అంది.

"మన పెండ్లిలో నన్నెవురూ అడగల్యా."

నేను ఆపలేదు. ఆపితే ఆమె మాట ఆగిపోతుందని భయం.

"అడిగింటే ఊఁ అనేదాన్నే."

అప్పుడు ఆపేశాను. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు. "ఏమయ్యా, ఆపినావు?" అంది. "ఇనపడింది," అన్నాను. ఆమె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మా పెళ్లయి ముప్ఫై ఎనిమిదేళ్లు.

పాట కుదిరిందనుకుంటే పెళ్లికి రెండు రోజుల ముందు మునస్వామి మోపెడ్ మీద దిగాడు. ముఖం బాగా లేదు.

"ఏమప్పా ఏకాంబరం, గట్టిమేళం లేదంట? పాపనడిగితే మామకే తెలుసు అంటాంది. ఏంది ఇది? మొదటిది అట్లయిపాయె. ఈసారన్నా అంతా పద్ధతిగా జరగాల గదప్పా. ఒక్క చెడ్డ మాట గూడా నా బిడ్డ సెవిన పడగూడదు. గట్టిగా వాయించు, నీకి దండం పెడతా."

అతను నిజంగానే చేతులెత్తాడు. ఆ చేతులు చూస్తూ ఏం చెప్పను? 'నువ్వు పక్కనే కూర్చుని ఉన్నావు, నీ కూతురు మూడుసార్లు పిలిచింది' అని చెప్పనా? ఒక్క మాటతో విషయం తేలిపోతుంది, అతను బతికినంత కాలం ఆ మాటతోనే చస్తాడు. ఇంకో దారి ఉంది గాని, అది నా నోట రావడం కష్టం. నేను ఎలాంటివాడినో నాకు తెలుసు. నా దమ్ము గురించి ఒకడు వేళాకోళమాడితే రెండేళ్లు వాడి ఇంట్లో శుభకార్యానికి వెళ్లలేదు.

"నాకి దమ్ము లేదప్పా," అన్నాను.

"ఏంది?"

"దమ్ము పోయింది. గట్టిమేళం ఊదలేను. ఊదితే రొమ్ములో పట్టుకుంటాంది. మెల్లగా అయితే ఏదో వాయిస్తా. పాపకు ఆ సంగతి తెలిసి, నా పరువు పోగూడదని తానే వద్దంటాంది."

మునస్వామి నోరు తెరిచి నన్నే చూశాడు. అతని కోపమంతా దిగిపోయింది. "అయ్యో, ముందే సెప్పగూడదా?" అన్నాడు. కాసేపాగి, "పోనీ, ఫోన్లో గట్టిమేళం దొరుకుతాదంట. స్పీకరు పెడితే..."

"నేను బతికుండగా ఫోన్లో మేళమా?" అని లేచాను. "అది పెట్టేమాటయితే నేను రాను. సావు మేళం గూడా దాన్నే పెట్టుకో, నాకి సెప్పొద్దు!" ఇందులో నటన ఏమీ లేదు. మునస్వామి నవ్వాడు. "కోపం మాత్రం పోలేదప్పా నీకి," అని నా భుజం తట్టి వెళ్లాడు.

సాయంత్రానికి బస్టాండులో టీ అంగడి దాకా పాకింది. ఏకాంబరానికి దమ్ము పోయింది. ఎదురైన ప్రతివాడూ జాలిగా చూసి మందులు చెప్పాడు. ఒకడు తుమ్మిపూల కషాయం తాగమన్నాడు. నేను అందరికీ తల ఊపాను. నాకు ఎంత మండిందో సిద్ధమ్మకే తెలుసు.

గురువారం పొద్దున గుడి వాకిట్లో షామియానా వేశారు. నలభై మందే. మునిచంద్ర సన్నగా, నల్లగా, టికెట్లు చించిచించి అరిగిపోయినట్టున్న వేళ్లతో, కొత్త పంచె జారిపోతుందేమోనని మాటిమాటికీ చూసుకుంటున్నాడు. కోమలి పసుపు చీర కట్టుకుంది. వాళ్లమ్మ నాగులమ్మ కూతురి వెనకే నిలబడింది, చూపు మళ్లించకుండా.

మునికృష్ణకు ముందే చెప్పి ఉంచాను, కారణం మాత్రం చెప్పలేదు. "ముహూర్తానికి నీ చేతులు కదలగూడదు. డోలు పక్కన పెట్టుకో, ముట్టుకోవద్దు." వాడు గునిశాడు గాని ఒప్పుకున్నాడు. అన్నీ చెప్పాను. ముక్కుపొడి సంగతి మాత్రం మరిచిపోయాను. ముప్ఫై ఏళ్లుగా వాడు ముహూర్తానికి ముందు పీల్చేదాన్ని నేను పట్టించుకోవడమే మానేశాను. ఆ రోజూ పంతులు తాళిబొట్టు పళ్లెం అందరి చేతా తాకిస్తున్నప్పుడు, వాడు అటు తిరిగి చిటికెడు లాగించాడు.

నేను నీలాంబరి ఎత్తుకున్నాను. జనం ముందు గుసగుసలాడారు, తర్వాత మెత్తబడ్డారు. ఎవరి ఒళ్లోనో పసిపిల్ల ఆవులించింది. మునిచంద్ర తాళి అందుకుని లేచాడు. పంతులుకు కోమలి అంతా చెప్పే ఉంది, అయినా అలవాటు ఊరుకుంటుందా, వేలెత్తేశాడు. అది చూసి మునస్వామి, తానే ఒప్పుకున్న సంగతి మరిచిపోయి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు.

మునికృష్ణ చెయ్యి లేచింది. వాడి తప్పు కాదు, ఆ మాట వింటే ఆ చెయ్యి దానంతట అదే లేస్తుంది. నేను నాదస్వరం కొసను మోకాలికి ఆనించి, కింది చేతిని తీసి డోలు మీద పరిచాను. పై చేతికి అందే స్వరాలు నాలుగే. ఆ నాలుగింటితోనే పాటను పట్టుకుని ఉన్నాను. వాడి దెబ్బ నా వేళ్ల మీద పడింది, డోలు చర్మం మీద పడలేదు. వాడు బిత్తరపోయి నన్ను చూశాడు.

చూసి, తుమ్మాడు.

అంత పెద్ద తుమ్ము నేను జన్మలో వినలేదు. ముప్ఫై ఏళ్లుగా దాచిన తుమ్ములన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. షామియానా కింద ఊపిరి తీసిన చప్పుడు లేదు. నాగులమ్మ ముఖం పాలిపోయింది. మునస్వామి నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పంతులు గొంతు సవరించుకుని, "రెండు నిమిషాలు ఆగి, నీళ్లు తాగి..." అని మొదలుపెట్టాడు. నా పాట ఒక్క స్వరం మీద నిలిచిపోయింది, సన్నగా. నా చేతులారా ఈ పెళ్లిని కూడా చెడగొట్టాను అనుకున్నాను.

మునిచంద్ర చేతులు కోమలి మెడ వెనక అలాగే ఉన్నాయి. వంగి అడిగాడు. బస్సులో కేకలు వేసే గొంతు, మెల్లగా అడిగినా చివరి వరస దాకా వినిపించింది.

"కట్టేదా, ఆపేదా?"

కోమలి ముందు మునికృష్ణ వైపు తిరిగింది. చిన్నపిల్లలు తుమ్మితే పెద్దవాళ్లు అనే మాటను, జుట్టు నెరిసిన ఆ మనిషితో అంది. "సిరంజీవ, మామా." కొందరు నవ్వారు. తర్వాత తండ్రి వైపు చూసింది. తండ్రినే చూస్తూ, స్పష్టంగా, ఫ్యాక్టరీలో వంద మందికి పని చెప్పే గొంతుతో అంది.

"కట్టు."

అందరూ విన్నారు. వెనక నుంచి మునిచంద్రతో పనిచేసే డ్రైవరు "రైట్ రైట్!" అన్నాడు. నవ్వులు లేచాయి. మొదటి ముడి పడింది. రెండో ముడికి మళ్లీ "కట్టు" అంది, కాస్త తగ్గించి. మూడో ముడికి పెదాలు మాత్రమే కదిలాయి. అది ఎవరికోసమో నాకు తెలుసు. నేను కళ్లు మూసుకోలేదు.

నాగులమ్మ బయటికే ఏడ్చింది. ఆ ఏడుపును కప్పడానికి నేనేమీ చేయలేదు. నీలాంబరి దాని పక్కనుంచి నడిచింది.

భోజనాలకు ఆకులు వేస్తుంటే మునస్వామి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మునికృష్ణ సిగ్గుతో ఎటో పోయాడు. మునస్వామి తన చేతులనే చూసుకున్నాడు.

"పాప గొంతు ఇన్న్యానప్పా," అన్నాడు. "నా ముందర నిలబడి నాకే సెప్పినట్ల సెప్పింది."

"ఇన్న్యాను."

"ఏకాంబరం, నువ్వు ఎదురుగా కూసోనుంటావు. నీకి అన్నీ కనపడతాయి." గొంతు తగ్గించాడు. "ఆ మొదటి పెండ్లిలో... ఆ పొద్దు గూడా పాప ఏమన్నా అనిందా?"

నేను అతని ముఖం చూడలేదు. పీకను తీసి నీళ్లలో ముంచాను, తడి ఆరకపోయినా.

"తుమ్మిందప్పా," అన్నాను.

అతను తల ఊపాడు. ఒకసారి, మరొకసారి. పాయసం గిన్నెలు మోసుకొస్తున్న కోమలి వైపు చూశాడు. పెళ్లికూతురై ఉండి పాయసం మోయడమేమిటని ఎవరో కోప్పడుతున్నారు, ఆమె నవ్వుతోంది.

"నాకి ఇనపల్యా," అన్నాడు మునస్వామి. "ఇనపడింటే, అప్పుడే సిరంజీవ అనేవాణ్ణి."

కండువాతో ముఖం తుడుచుకుని వడ్డనకు లేచాడు. కొందరు వచ్చి భోజనాలకు ఏదైనా హుషారుగా వాయించమన్నారు. నాకూ గుండె నిండా ఊదాలనే ఉంది, కాణిపాకం దాకా వినిపించేలా. మునస్వామి ఆకుల మధ్య నుంచి నా వైపే చూస్తున్నాడు. ఆ మధ్యాహ్నమంతా దమ్ము లేనివాడిలాగే వాయించాను.